కుబుసం కొలత

పోయినవాటి జాబితా ముందు రాస్తాను. ఒక పాము. ఇగ్వానా తోక, పద్నాలుగు అంగుళాలు. ఐదు మిల్లీమీటర్ల గాజు పలక ఒకటి. నా సంపాదిత సెలవులో పదకొండు రోజులు. మా ఆవిడ బందరు నుంచి తెచ్చుకున్న ముగ్గుపిండి, మూడు కిలోలు. ఇస్త్రీ చేసి బతికే ఒక కుటుంబానికి నాలుగేళ్లుగా నీడనిచ్చిన గ్యారేజీ, దానితోపాటు రోజుకు అరవై జతల పని. నా మాట మీద ఒక మనిషికి ఉన్న నమ్మకం మాత్రం పోలేదు. అన్నిటికన్నా నన్ను ఎక్కువ కోసేది అదే.

తొంభైల మధ్యలో మాట. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇంటర్ దాటి చదవలేదు. కానీ ఆఫీసు బీరువాలో కట్టడాల రేట్ల పుస్తకాలు ఉండేవి. మధ్యాహ్నం డబ్బా తినేశాక వాటిని చదివేవాణ్ణి. గోడకు ఎన్ని ఇటుకలు, గదికి ఎంత కిటికీ, బల్లకు ఎన్ని ఘనపుటడుగుల కర్ర, ఇవన్నీ అలా సొంతంగా నేర్చుకున్నవే. బదిలీ అయిన తెలుగువాళ్లు సామాన్లకు చెక్కపెట్టెలు చేయించాలంటే నా దగ్గరికి వచ్చేవారు. ఫ్రిజ్జు, కుట్టుమిషను, దేవుడి పటాలు, అన్నీ అంగుళం వృథా కాకుండా ఏ పెట్టెలో ఎలా పడతాయో కాగితం మీద గీసి ఇచ్చేవాణ్ణి. అందుకు డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. "మీ లెక్క తప్పదండీ" అని ఎవరైనా అంటే చాలు, వారం రోజులు హుషారుగా తిరిగేవాణ్ణి.

అలా మా శాఖలో పెద్ద అధికారి ఒకరి భార్య నన్ను పిలిపించారు. వాళ్లది కరీంనగర్ వైపు. ఆవిడ ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. మేడమ్ అని పిలిచేవాణ్ణి. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక విదేశీయుడి దగ్గర ఆవిడ రెండు జీవాలను తీసుకున్నారు. ఒకటి ఇగ్వానా, ఆకులు తినే పచ్చటి బల్లి, ముక్కు నుంచి తోక చివరికి నాలుగడుగులు. రెండోది బోవా, దక్షిణ అమెరికా పాము, విషం లేనిది, చుట్టుకుని చంపేది. రెండూ పాత గాజుతొట్లలో ఇరుక్కుని ఉన్నాయి. వాటికి కొత్త పెట్టెలు కావాలి. పాత తొట్టి పైకప్పుకు వేసిన ఇనుప జాలీకి రాసుకుని రాసుకుని పాము ముక్కు పుండు పడింది కాబట్టి కొత్తదానికి జాలీ వద్దన్నారు.

చిన్నప్పటి నుంచీ నాకు పామంటే భయం. భయం అంటే జాగ్రత్త కాదు, బొమ్మలో పాము కనబడినా పుస్తకం మూసేసే భయం. వాళ్ల వెనక గదిలో గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గోధుమరంగు మచ్చలతో అది మూల చుట్టచుట్టుకుని ఉంది. ఎక్కడ మొదలో, ఎక్కడ తుదో తెలియలేదు. తల నా వైపే ఉందని మాత్రం తెలిసింది.

"భయమైతుందా సారూ?" అన్నారు మేడమ్. "ఏం జేయదది. వారానికొక ఎలుక తిని పండుకుంటది, మా ఆయన లెక్క."

నవ్వాను. చేతిలో టేపు తడిసిపోయింది. ఆవిడ తొట్టి మూత తీయబోతూ, తను పట్టుకుంటానని, దారం పెట్టి పొడవు, నడుము లావు, తల వెడల్పు, మూడూ కొలుచుకోమన్నారు. ఇవాళ ఆఫీసుకు వేళయిందన్నాను. సరే, సోమవారం రమ్మని, అందాకా అందాజుకు చూసుకోమని పాత దినపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చారు. పోయిన వారం విడిచిన కుబుసం.

బయటికి వస్తుంటే గ్యారేజీ దగ్గర ఇస్త్రీ చేసే ప్రెస్‌వాలా భార్య నన్ను ఆపింది. ఆ ఇంటి వెనక గ్యారేజీలో కారు లేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె, బల్ల, ఒక మంచం, ఆ భార్యాభర్తలు, వాళ్ల ఎనిమిది నెలల పాప. పైకప్పు ఇనుప దూలానికి కొక్కెం కొట్టి, దానికి దుప్పటి ఉయ్యాల కట్టారు. పాప అందులో నిద్రపోతోంది. పాము ఉన్న గదికి, ఆ గ్యారేజీకి మధ్య ఒకే గోడ. వాషింగ్ మిషను నీళ్లు పోయేందుకు ఆ గోడకు అడుగున ఒక కంత.

"బాబూజీ, అది బయటికైతే రాదు కదా?" అని అడిగింది. మనిషిని చూస్తే నిద్ర సరిగా లేనట్టుంది.

"రాదమ్మా" అన్నాను హిందీలో. "నేను లెక్క కట్టి చేయిస్తాను."

ఆ మాట అన్న క్షణం నుంచే నేను పూచీపడ్డాను.

పొట్లం ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. సంధ్యవేళ దాని పేరు కూడా పలకనిచ్చేది కాదు. పురుగు అనాలి. "పురుగు చొక్కాని ఇంట్లోకి తెస్తారా ఎవరైనా? పుట్టలో పాలు పోసే చేతులండీ ఇవి. దాన్ని పెట్టెలో పెట్టడానికి మీరు కొలతలు తియ్యడం ఏమిటి?" అంది. మరునాడు దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్లి, అందరూ వెళ్లాక రికార్డు గదిలో పొడుగాటి బల్ల మీద పరిచాను. ఎండిన ఉల్లిపొరలా ఉంది. చప్పుడు చేసేది కానీ కదిలేది కాదు. దాన్ని ముట్టుకోగలిగాను. స్టీలు స్కేలుతో మూడుసార్లు కొలిచి సగటు తీశాను. పొడవు ఏడడుగుల పదకొండు అంగుళాలు. నడుము దగ్గర వెడల్పు నాలుగు అంగుళాలు. తల రెండుంపావు.

సోమవారం మేడమ్ ఇంటికి వెళ్లలేదు. ఆవిడ ఫోను చేసి అడిగితే, "కొలతలు అయిపోయాయండీ" అన్నాను. ఆవిడ లేనప్పుడు వచ్చి గాజు మీద నుంచి కొలుచుకుని ఉంటానని అనుకున్నారు. అనుకోనిచ్చాను. నా భయం సంగతి మా పెద్దాఫీసరు ఇంట్లో తెలియడం నాకు ఇష్టం లేదు.

ఇక లెక్క. పెట్టె ఆరడుగుల పొడవు, రెండున్నర లోతు, రెండున్నర ఎత్తు. ముందువైపు గాజు, మిగతా అంతా ప్లైవుడ్డు. చలికాలానికి లోపల వంద వాట్ల బల్బులు రెండు, పాము ఒళ్లు కాలకుండా వాటికి తీగ బుట్టలు. గాలికి ఎంత వదలాలి? గదికైతే కిటికీ నేల వైశాల్యంలో పదో వంతు ఉండాలని రేట్ల పుస్తకంలో చదివాను. పెట్టె నేల పదిహేను చదరపుటడుగులు. పదో వంతు ఒకటిన్నర, అంటే రెండువందల పదహారు చదరపు అంగుళాలు. వెనకవైపు మూడడుగుల పొడవు సందులు ఐదు, ఒక్కొక్కటి ఒకటింపావు అంగుళం. మొత్తం రెండువందల ఇరవైఐదు. కావలసినదానికన్నా తొమ్మిది ఎక్కువే. నాలుగు అంగుళాల మందం ఉన్న పాము, రెండుంపావు తల ఉన్న పాము ఒకటింపావు సందులోంచి ఎలా పోతుంది? కాగితం మీద ఎక్కడా తప్పు లేదు.

బేర్ సరాయ్ సందుల్లో విద్యార్థుల గదులకు పుస్తకాల అరలు చేసే మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. గోరఖ్‌పూర్ వైపు మనిషి. పని ఆయనకిచ్చాను. గీసిన బొమ్మను అటూఇటూ తిప్పి చూశాడు.

"బాబూ, నేను పుస్తకాలకు అరలు చేసేవాణ్ణి. పుస్తకాలు పాకవు" అన్నాడు చివరికి. సందుల మధ్య పట్టీలకు నడిమిలో కూడా ఒక నిలువు కర్ర కొడదామన్నాడు. ఒక్క నిలువు కర్రకే సందుల్లో ఏడు చదరపు అంగుళాల పైచిలుకు మూసుకుపోతుందని, ఆ తొమ్మిదిలో మిగిలేది ఏమీ ఉండదని చెప్పాను. నా అంకెకు అంత మర్యాద ఇచ్చుకున్నాను. "ఠీక్ హై, హిసాబ్ మీది" అని భుజాలెగరేశాడు.

డిసెంబరులో పెట్టెలు చేరాయి. ఇగ్వానాకు నిలువుది, కొమ్మలతో. బోవాకు అడ్డంది. మేడమ్ చేతుల్లో పామును తెచ్చి లోపల వదులుతుంటే నేను వీధిలో నిలబడ్డాను. చలికాలమంతా ఆదివారాలు వెళ్లి, గాజు బయటి నుంచి లోపలి వేడి చూసి ఒక పట్టికలో రాసేవాణ్ణి. ప్రెస్‌వాలా భార్య ప్రతిసారీ ఉందా అని అడిగేది. ఉంది అని చెప్పేవాణ్ణి. పాప కూర్చోవడం నేర్చుకుంది, తర్వాత పాకడం.

మే నెల వచ్చింది. వేడిగాలికి చెక్క అంతా ఎండి పట్టీలు సన్నబడ్డాయి. ఒకరోజు ఉదయం పదింటికి ఆఫీసుకు ఫోను.

"సారూ, అది లేదు" అన్నారు మేడమ్. ఆవిడ గొంతులో నవ్వు లేదు.

వెళ్లేసరికి కరెంటు పోయి ఉంది. గాజు తలుపుకు తాళం వేసినట్టే ఉంది. లోపల నీళ్ల గిన్నె, కొమ్మ, ఖాళీ. వెనక మూడో సందులో, సరిగ్గా పట్టీ నడిమిలో, పొలుసు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. రెండు చివర్లే మరలున్న ఆ పట్టీని వేలితో నొక్కాను. విల్లులా వంగింది.

నేనూ, మేడమూ, ప్రెస్‌వాలా వెతకడం మొదలుపెట్టాం. పరుపులు, బీరువాల వెనక, కూలరు గడ్డి పలకలు. పాము పెట్టెను గోడ నుంచి లాగుతుంటే ముందు గాజు పగిలింది. తర్వాత ఇగ్వానా పెట్టెను జరపాలి. లోపల జీవంతో పెట్టె కదలదని, దాన్ని బయటికి తీయమన్నారు మేడమ్. ఆవిడ ముందు భాగం పట్టుకున్నారు. వెనక నేను పట్టుకోవాలి. అంతవరకు అలాంటి జీవాన్ని నేనెప్పుడూ తాకలేదు. కళ్లు మూసుకుని పట్టుకున్నాను. అది ఒక్కసారి విదిల్చుకుంది. నా చేతిలో తోక మిగిలింది, ఇగ్వానా లేదు. తోక నా పిడికిట్లో కొట్టుకుంటోంది. వదలలేకపోయాను. ఏం చేయాలో తెలియక అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొంభై దాకా వచ్చాక మేడమ్ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పారు.

"మళ్లొస్తది సారూ, తోకే గదా" అన్నారు.

గుమ్మం దగ్గర ప్రెస్‌వాలా భార్య పాపను చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమె మేడమ్‌ను అడగలేదు. నన్నే అడిగింది.

"బాబూజీ, మీరు దాన్ని సరిగ్గా కొలిచారు కదా?"

మేడమ్ నా వైపు చూశారు. ప్రెస్‌వాలా చూశాడు. పాప కూడా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"కొలిచాను" అన్నాను.

అప్పుడే నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎన్నోసార్లు ఆలోచించాను. వాళ్లు ఆ పూటే మంచం తీసేసి వెళ్లిపోయేవారు. నా కొలత నమ్మడం వల్ల ఆమె ఇంకో లెక్క వేసుకుంది. నాలుగు అంగుళాల మందం పాము ఆ గోడ కంతలోంచి రాలేదు, కాబట్టి గ్యారేజీ వైపు రాలేదు. కంత వెడల్పు రెండున్నర. ఆ లెక్క కూడా నేనే ఆమెకు చెప్పాను, ధైర్యం కోసం. వాళ్లు ఉండిపోయారు.

సెలవు పెట్టాను. రోజూ ఉదయం వెళ్లి సాయంత్రం దాకా వెతికేవాణ్ణి. నాలో భయం రెండైంది. పాము దొరుకుతుందేమోనని ఒకటి, దొరకదేమోనని ఒకటి. మేడమ్ మాత్రం అది పిరికి జీవమని, మనుషుల జోలికి రాదని చెబుతూనే ఉన్నారు. మరి అంత చిన్న పాప సంగతి ఏమిటని నేను అడిగితే, "ఎందుకైనా మంచిది, పిల్లను కింద పండబెట్టొద్దని చెప్పుండ్రి" అన్నారు. నేను చెప్పాను. వాళ్లు ఉయ్యాల ఇంకా ఎత్తుకు కట్టారు. దూలానికి దగ్గరగా.

మూడోరోజు మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా నా ముందు పెట్టింది. "అది ఎటు పాకితే అటు గీత పడుతుంది కదండీ. గుమ్మాల్లో చల్లండి. ఆ పసిదానికేమీ కాకూడదు" అంది. అన్ని గుమ్మాల్లో, కంత ముందు, గ్యారేజీ నేల అంచుల్లో జల్లెడ పట్టి చల్లాను.

నాలుగోరోజు ఉదయం గ్యారేజీలో గీత కనబడింది. కంత దగ్గర మొదలై, ఇస్త్రీ బల్ల కింద నుంచి, గోడ మూలకు వెళ్లి ఆగింది. మూలన దూలం దాకా పాత నీళ్ల గొట్టం ఉంది. వంగి, ఆ గీత మీద స్కేలు పెట్టాను. మూడుచోట్ల కొలిచాను. రెండు అంగుళాల లోపే. పావు తక్కువ రెండు.

ఆ నేల మీద కూర్చుండిపోయాను. నా లెక్కలో ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. చదునుగా పడుకున్న గొట్టం వెడల్పు దాని మందం కాదు. ఉతికిన చొక్కా చేయిని బల్ల మీద పరిస్తే ఉండే వెడల్పు, ఆ చేయి లోపలి మనిషి చేతి మందం కాదు. ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని ఈ సంగతి తెలుసుకున్నాను.

మేడమ్‌కు చెప్పేశాను. చెప్పక తప్పలేదు.

"కుబుసం కొల్చిన్రా?" అన్నారు. కోపగించుకుంటే బాగుండేది. "అది సాగుతది సారూ. ఇడిసేటప్పుడు గుంజుకుంట ఇడుస్తది. అయిదో వంతు దాకా ఎక్కువుంటది. సందు అర అంగుళం కన్నా మించొద్దు. అడిగితే నేను చెప్పకపోదునా?"

అర అంగుళం సందులైతే పన్నెండు పెడితే సరిపోయేది. మూడడుగుల చొప్పున పన్నెండు, సరిగ్గా రెండువందల పదహారు. ఒక్క చదరపు అంగుళం కూడా అటూఇటూ లేదు. ఆ లెక్క నాకు నోటికి వచ్చేసింది, వద్దన్నా.

గీత చూసిన రోజే ప్రెస్‌వాలా కుటుంబం వెళ్లిపోయింది. బల్ల ఒక రిక్షాలో, మంచం ఇంకో రిక్షాలో. బంధువుల ఇంటికని, మునిర్కా వైపు. గీత ఎంత వెడల్పుందో వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు. మిగిలిన ఏడు రోజులూ దూలాలు, గొట్టాలు, చూరు మొత్తం నిచ్చెనేసి చూశాం. ఏ జాడా లేదు. ముగ్గులో ఇంకో గీత పడలేదు. పదకొండోరోజు సాయంత్రం మిగిలిన పిండి ఊడ్చేశాను.

జులైలో వానలు పడ్డాక గ్యారేజీ రేకులు కారుతున్నాయని ఇంటి యజమాని మనిషిని ఎక్కించాడు. మేడమ్ మళ్లీ ఫోను చేశారు. ఈసారి కూడా పొట్లం కట్టి ఉంచారు, కానీ నేను అక్కడే విప్పాను. దూలానికీ రేకుకూ మధ్య దొరికిన కుబుసం. ఎనిమిదడుగుల ఒక అంగుళం. అయిదో వంతు తీసేస్తే ఆరడుగుల ఐదున్నర అంగుళాలు. అంటే ఎదిగింది. ఎక్కడ దొరికిందో చూపించమన్నాను. పనివాడు చెయ్యి ఎత్తి చూపించాడు. ఉయ్యాల కొక్కేనికి జానెడు దూరం.

అది అక్కడికి వాళ్లు వెళ్లాక చేరిందో, వాళ్లు ఉండగానే చేరిందో తేల్చే లెక్క ఏదీ నాకు తెలియదు. ఎన్నో రకాలుగా వేసి చూశాను.

పాము దొరకలేదు. ఆ చుట్టుపక్కల ఎవరికీ కనబడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. చలికాలం వచ్చాక ఢిల్లీ చలికి బతకదని మేడమ్ అన్నారు. ఆ మాట ఆవిడ కిటికీ వైపు చూస్తూ అన్నారు, ఆ పామంటే ఆవిడకు నిజంగా ఇష్టం. ఇగ్వానాకు తోక మళ్లీ వచ్చింది, నల్లగా, పొట్టిగా, కుట్టేసినట్టు. మరుసటి ఏడాది వాళ్లకు బదిలీ అయింది. సామాన్ల పెట్టెల లెక్క నన్ను అడగలేదు. నేనూ ఆ తర్వాత ఎవరికీ కట్టి ఇవ్వలేదు.

నాలుగేళ్ల తర్వాత మునిర్కా సందులో ఒక చెట్టు కింద ఇస్త్రీ బల్ల దగ్గర ప్రెస్‌వాలా భార్య కనబడింది. నేను తప్పుకుని వెళ్లబోయాను. ఆమే పిలిచింది. బల్ల కింద నీడలో ఆ పాప, స్కూలు గౌనులో, పలక మీద అంకెలు దిద్దుతోంది.

"దొరికిందా బాబూజీ?"

"లేదమ్మా."

ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదిపి, నన్ను ఓదార్చడానికి అన్నట్టు అంది. "అందులో మీ తప్పేముంది? మీరైతే సరిగ్గానే కొలిచారు. అది తెలివైనది, పోయింది."

చెప్పాలని నోరు తెరిచాను. పాప తలెత్తి చూసింది. మళ్లీ ఎప్పుడైనా, అనుకున్నాను. చొక్కాలు రెండు ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను. వాటిని తెచ్చుకోవడానికి మా ఆవిడను పంపాను.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా ముందు పైకప్పు చూస్తాను. గాలికి రేకు చప్పుడైతే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. రెండున్నర దశాబ్దాలైంది, ఢిల్లీ చలికి ఆ పాము ఎప్పుడో పోయి ఉంటుందని తెలుసు, అయినా భయం తగ్గలేదు. ఒకటింపావు వదిలాను. అర అంగుళం వదలాల్సింది. ఆమెకు నేను చెప్పాల్సిన అంకె అందులోంచి ఇది తీసేస్తే వచ్చేదే. ముప్పావు అంగుళం.